నాన్న ఫైలు తెరవడానికి పట్టిన 14 నెలలు

2024 సంక్రాంతికి హిందూపురం వెళ్ళినప్పుడు మొదలైంది ఇదంతా. అటక మీద సామాన్లు దించుతుంటే ఒక సీడీ దొరికింది, దాని మీద నాన్న చేతిరాతతో "చెరువుల పుస్తకం 2003" అని ఉంది. నాన్న తెలుగు మాస్టారు, రిటైరయ్యారు. సర్వీసులో ఉన్నప్పుడు సెలవులొస్తే చాలు సైకిలేసుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగేవారు, ముసలోళ్ళ దగ్గర కూర్చుని ఏ చెరువుకి ఎన్ని తూములు, చెరువు నిండితే పొర్లే మరవ ఎటు పారుతుంది, నీళ్ళు వదిలే నీరుగంటి ఎవరు, ఏ మడికి ఎన్నో రోజు నీళ్ళు పెడతారు, అన్నీ అడిగి రాసుకునేవారు. బుక్కపట్నం చెరువు లాంటి పెద్దవాటి గురించి ఎవరైనా రాస్తారు గానీ మా వైపు చిన్న చిన్న కుంటల గురించి రాసింది నాకు తెలిసి నాన్న ఒక్కరే. 120 పేజీలు, సొంత డబ్బుతో 300 కాపీలు వేయించారు. ఇప్పుడు ఇంట్లో రెండే ఉన్నాయి, అందులో ఒకటి సగం చెదలు తినేసింది.

సీడీ చూడగానే ఎంత సంతోషం వేసిందో, సాఫ్ట్ కాపీ ఉందిగా, మళ్ళీ వేయిద్దాం నాన్నా అన్నాను. నాన్న ఏమీ అనలేదు, చూడు అన్నారంతే.

నా ల్యాప్‌టాప్‌కి సీడీ డ్రైవ్ లేదు. బెంగళూరు వచ్చాక ఒక శనివారం మెజెస్టిక్‌లో మెట్రో మారి చిక్‌పేటలో దిగి ఎస్పీ రోడ్డుకెళ్ళి యూఎస్‌బీకి తగిలించే డ్రైవ్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. సీడీలో ఫైళ్ళు బానే ఉన్నాయి, అన్నీ పుస్తకాల పేజీలు పేర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్ ఫైళ్ళు. అప్పట్లో తెలుగు డీటీపీ అంటే పేజ్‌మేకరే కదా, దానికి 7 తర్వాత కొత్త వెర్షనే రాలేదు, ఎప్పుడో ఆపేశారు. సరే ఫైలు ఎలాగోలా తెరిపించుకుందామని ఊళ్ళో అప్పుడు టైప్ చేసిన డీటీపీ సెంటరాయనకి ఫోన్ చేస్తే ఆయన ఇప్పుడు మొబైల్ షాపు పెట్టుకున్నాడు. "ఆ తెలుగు ఫాంట్ల ప్యాకేజీకి ఒక డాంగిల్ ఉండేదమ్మా, కంప్యూటర్ వెనకాల గుచ్చితేనే పనిచేసేది, అది పోయి చాన్నాళ్ళయింది" అన్నాడు పాపం. ఆయన తప్పేం లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, నిజంగా. మా నాన్న తిరిగి రాసిన మాటలు, మా నాన్న డబ్బిచ్చి టైప్ చేయించుకున్నవి, మా ఇంట్లో ఉన్న సీడీలోనే ఉన్నాయి, కానీ మేమే చదవలేం. ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క పోయిందని.

ఆఫీసులో నా పక్క టీమ్‌లో కడప నుంచి వచ్చిన ఒకాయన ఉన్నారు, అన్న అని పిలుస్తాను, ఆయన మెషీన్‌లో విండోస్ బదులు డెబియన్ అనే లినక్స్ వాడతారు, క్యాంటీన్లో ఆయనతో ఈ విషయం చెప్తే "లిబ్రె ఆఫీస్‌లో తెరిచి చూశావా" అన్నారు. నాకు ఆ ఆలోచనే రాలేదు, లిబ్రె ఆఫీస్ అంటే మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌కి డబ్బులు పెట్టలేనోళ్ళు దాని బదులు వాడేదనుకునేదాన్ని అప్పటిదాకా. ఆయన ల్యాప్‌టాప్‌లోనే పెట్టి చూపించారు. తెరుచుకుంది! పేజీలు, బొమ్మల ఫ్రేములు, అన్నీ వచ్చాయి. 2014లో డాక్యుమెంట్ లిబరేషన్ ప్రాజెక్ట్ అని ఒకటి మొదలైందట, కంపెనీలు వదిలేసిన పాత ఫార్మాట్లని ఒక్కోటి విప్పి చూసి తెరిచే లైబ్రరీలు రాస్తారు వాళ్ళు, పేజ్‌మేకర్‌కి కూడా రాశారు. ఎక్కడో ఎవరో, మా హిందూపురం పేరు కూడా విని ఉండరు, మా నాన్న ఫైలు తెరవడానికి కావాల్సింది పదేళ్ళ కిందటే రాసిపెట్టారు.

కానీ తెరుచుకున్న పేజీలో తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, గీతలు, డిగ్రీ గుర్తులు, అంతా గజిబిజి. అన్న చూసి "ఇది యూనికోడ్ కాదు, అంటే ఇప్పుడు కంప్యూటర్లూ ఫోన్లూ అన్నీ అక్షరాలకి వాడే ఒకే పద్ధతి కాదు, ఫాంట్ మారిస్తే పోయేది కాదు, దాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ కావాలి. ఆదివారం మా ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీట్‌కి రా, అక్కడ దీని మీద పనిచేసినోళ్ళు ఉన్నారు" అన్నారు.

నేనుండేది మారతహళ్ళిలో. ఆదివారం పొద్దున కుందలహళ్ళిలో మెట్రో ఎక్కి ఇందిరానగర్‌లో దిగి ఐదు నిమిషాలు నడిచాను, ఒక బిల్డింగ్ పైఅంతస్తులో చిన్న హాలు, పాతిక మంది ఉంటారు. కాలేజీ పిల్లలు, కన్నడ వాళ్ళు, మలయాళీలు, మనవాళ్ళు ఓ ఆరేడుగురు. ఊరు బెంగళూరే అయినా ఆ మూల బెంచీ మీద మొత్తం రాయలసీమ తెలుగే. ఈ ఊళ్ళో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి చాలా చరిత్ర ఉందని అక్కడికెళ్ళాకే తెలిసింది, 2001లో లినక్స్ బెంగళూరు అని మొదలైన సమావేశం తర్వాత ఫాస్ డాట్ ఇన్ అయి 2012 దాకా నడిచిందట, కర్ణాటకకి ఫ్రీ సాఫ్ట్‌వేర్ మూవ్‌మెంట్ కర్ణాటక ఉంది, హైదరాబాద్‌లో స్వేచ్ఛ వాళ్ళు తెలుగు కోసం ఎప్పట్నుంచో పనిచేస్తున్నారు. పక్కన కూర్చున్న మలయాళీ అబ్బాయి బళ్ళోనే గ్నూ లినక్స్ మీద కంప్యూటర్ నేర్చుకున్నాడట, కేరళ ప్రభుత్వ బళ్ళల్లో అదే కదా. నేను పెద్దయ్యాక ఎవరో చెప్తే గానీ తెలియని విషయం వాడికి ఆరో క్లాసులో తెలుసు.

ఆ రోజు ఒక అక్క కొత్తగా వచ్చినవాళ్ళకి, ఈ ఉద్యమం మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ ప్రింటర్ సంగతి చెప్పింది. చాలామందికి తెలిసే ఉంటుంది. 1980 ప్రాంతంలో ఎమ్ఐటీలో ఆయన పనిచేసే ల్యాబ్‌కి ఒక కొత్త లేజర్ ప్రింటర్ వచ్చింది, అది మాటిమాటికీ కాగితం ఇరుక్కుని ఆగిపోయేది. పాత ప్రింటర్‌కైతే ఆయనే ప్రోగ్రామ్ మార్చి, ఇరుక్కుంటే ప్రింట్ కోసం ఆగినవాళ్ళందరికీ మెసేజ్ వెళ్ళేలా చేశాడు, కొత్తదానికి సోర్స్ కోడ్, అంటే మార్చుకోవడానికి కావాల్సిన అసలు ప్రోగ్రామ్, ఇవ్వలేదు. ఇంకో యూనివర్సిటీలో ఒకాయన దగ్గర ఉందని తెలిసి వెళ్ళి అడిగితే, ఎవరికీ ఇవ్వనని సంతకం పెట్టానన్నాడు. 1983 సెప్టెంబర్ 27న అందరూ స్వేచ్ఛగా వాడుకునే గ్నూ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తానని ప్రకటించడానికి, 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పెట్టడానికి వెనకున్న కోపంలో ఆ ప్రింటర్ కూడా ఒకటి. ఎవరికో ప్రింటర్, మాకు డాంగిల్. నాకు అక్కడ కళ్ళలో నీళ్ళొచ్చినంత పనైంది, అక్క చూసి టీ తెచ్చిచ్చింది.

ఆ తర్వాత ఫ్రీ సాఫ్ట్‌వేర్ అనాలంటే ఉండాల్సిన నాలుగు స్వేచ్ఛలు చెప్పింది. దేనికైనా వాడుకునే స్వేచ్ఛ, లోపల ఎలా పనిచేస్తుందో చూసి మార్చుకునే స్వేచ్ఛ, కాపీలు పంచుకునే స్వేచ్ఛ, మార్చినదాన్ని కూడా పంచుకునే స్వేచ్ఛ. సున్నా నుంచి మూడు దాకా లెక్కపెడతారు వీటిని. మనకి ఉచితం వేరు స్వేచ్ఛ వేరు కాబట్టి తెలుగులో చెప్తే వెంటనే అర్థమైపోతుంది, ఇంగ్లీషులోనే రెంటికీ ఒకటే మాట అయ్యి గొడవ.

ఇక కన్వర్టర్. పైథాన్‌లో రాసింది, ఆ నాలుగు స్వేచ్ఛలూ ఇచ్చే జీపీఎల్ మూడో వెర్షన్ లైసెన్స్, ఎవరో నాలుగేళ్ళ కిందట మొదలుపెట్టారు, ఇద్దరు ముగ్గురు చూసుకుంటున్నారు. అన్న నా ముందే నడిపించారు. గజిబిజి పోయి తెలుగు వచ్చేసింది! మొదటి పేజీలో నాన్న ముందుమాట! గబగబా చదువుతూ పోతుంటే మూడో లైన్లో "లక్ష్మి" అని ఉండాల్సిన చోట "లక్షి్మ" అని ఉంది. "స్త్రీలు" ఉండాల్సిన చోట "సీ్త్రలు". ఇలాంటివి మీరూ చూసే ఉంటారు, పాత న్యూస్ పేపర్ల ఆర్టికల్స్‌లో నెట్‌లో చాలా ఉంటాయి. ఎందుకొస్తాయో నాకు ఆ రోజే తెలిసింది.

చెప్తాను, ఎందుకంటే ఇది తెలిస్తే మన అక్షరాల మీదే ఒక కొత్త ప్రేమ పుడుతుంది. ఆ పాత ఫాంట్లలో అక్షరం అంటే బొమ్మే. కంటికి కనిపించే ముక్కలు వరసగా పేర్చడమే టైపింగ్. స్త్రీ కావాలంటే ముందు "సీ" అనే ముక్క, తర్వాత త ఒత్తు, తర్వాత ర ఒత్తు. కానీ యూనికోడ్‌లో మనం పలికే వరసలో ఉండాలి, స, దానికి త ఒత్తు, దానికి ర ఒత్తు, అన్నీ అయ్యాక చివర్లో గుడిదీర్ఘం. నోటితో అని చూడండి, ఈ కారం చివర్లోనే వస్తుంది. కన్వర్టర్ ముక్కకి ముక్క మార్చేసి ఊరుకుంటే గుడిదీర్ఘం మధ్యలో ఇరుక్కుపోతుంది, ఒత్తులు ఆధారం లేక గాల్లో వేలాడతాయి. ఒక ఒత్తుంటే సరిచేసే కోడ్ ఉంది, గుణింతం గుర్తుతో పాటు రెండు ఒత్తులొచ్చినా, క్ష లాంటి కలిసిపోయిన ముక్క వచ్చినా తప్పుతోంది.

"దీన్నెవరు బాగుచేస్తారు?" అన్నాను నేను. అన్న నావైపే చూశారు.

నాకు కోడింగ్ పెద్దగా రాదు. నేను టెస్టర్ని, మాన్యువల్ టెస్టింగ్ ఎనిమిదేళ్ళుగా. అదే చెప్పాను. "మాకు కావాల్సింది అదే, కోడ్ రాసేవాళ్ళు దొరుకుతారు, తెలుగు చదివి ఇది తప్పు ఇది ఒప్పు అని కూర్చుని తేల్చేవాళ్ళే లేరు" అన్నారు. ఈ మాట ఎవరైనా నాకు పదేళ్ళ ముందు చెప్పుంటే ఎంత బాగుండేదో. ఈ ఉద్యమం అంటే ప్రోగ్రామర్లది, మనకెందుకులే అనుకుని దూరంగా ఉండిపోయినవాళ్ళు నాలాగా ఎంతమందో.

అప్పట్నుంచి నా రొటీన్ ఇదీ: రాత్రి పీజీలో భోంచేసి వచ్చి పుస్తకంలో ఒక పేజీ కన్వర్ట్ చేస్తాను, నాన్నకి వీడియో కాల్, ఆయన దగ్గర మిగిలిన ఆ ఒక్క మంచి కాపీ, నేను స్క్రీన్ మీదది చదువుతుంటే ఆయన పుస్తకంలో చూస్తూ తప్పుల దగ్గర ఆపుతారు. ఆ తప్పు మాట, సరైన మాట, రెండూ ఒక ఫైల్లో పక్కపక్కన రాసుకుంటాను. ఎవరో ఓసీఆర్ చేసుకోవచ్చుగా, అంటే పేజీ ఫోటో నుంచి అక్షరాలు లాగొచ్చుగా అన్నారు, టెసరాక్ట్‌తో ప్రయత్నించాం కూడా, అదీ ఫ్రీ సాఫ్ట్‌వేరే, తెలుగు వస్తుంది, కానీ మా పుస్తకం ప్రింట్ మరీ మసక, ఒత్తులన్నీ ఒకదాంట్లోకొకటి అంటుకుపోయాయి, ఇంకా ఎక్కువ తప్పులొచ్చాయి. అందుకని ఫైలే దారి.

మూడు నెలలకి 412 మాటలు చేరాయి. వాటిని టెస్ట్ కేసులుగా ఎలా పెట్టాలో అక్క నేర్పించింది, కోడ్‌లో మార్పుల లెక్క ఉంచే గిట్ అంటే ఏంటి, ఒక్కో మార్పుని దాచే కమిట్ అంటే ఏంటి, మన మార్పు కలుపుకోమని అడిగే మెర్జ్ రిక్వెస్ట్ ఎలా పెట్టాలి, ఒక్కోటి ఒక్కో ఆదివారం. మొదటిసారి నడిపితే 412లో 131 ఫెయిల్. ఆ ఎర్ర లైన్లు చూసి నేను బెంగపెట్టుకుంటే అన్న మాత్రం తెగ సంబరపడ్డారు, ఇన్నాళ్ళూ తప్పులున్నాయని తెలుసు గానీ ఎన్నున్నాయో ఏవో ఇప్పుడే తెలిసింది అని.

నా మొదటి మెర్జ్ రిక్వెస్ట్ తీసుకోలేదు. ప్రాజెక్టు చూసుకునే మెయింటెయినర్ ఎవరో నేను ఈ రోజుకీ చూడలేదు, ఆయన మర్యాదగానే రాశారు, ఒక్కో కమిట్‌లో ఒక్క రకం మార్పే ఉండాలి, మీరు అన్నీ కలిపేశారు, పైగా మీ ఎడిటర్ ఖాళీలన్నీ మార్చేసింది, విడివిడిగా చేసి పంపండి అని. రెండు రోజులు మనసు బాలేదు. తర్వాత ఆలోచిస్తే ఆయన కూడా నాలాగే జీతం లేకుండా రాత్రిళ్ళు కూర్చుని నా 400 మాటలు చదివి మరీ చెప్పారు కదా అనిపించింది. విడగొట్టి మళ్ళీ పంపాను. రెండు ఒత్తుల మాటలు ఒకటి, క్ష మాటలు ఒకటి, ఐత్వం మాటలు ఒకటి. ఐత్వంలో వేరే చిక్కు, పాత ఫాంట్లో "పై" అంటే పైన ఒక ముక్క కింద ఒక ముక్క, యూనికోడ్‌లో రెండూ కలిపి ఒకే గుర్తు కావాలి.

అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది మాత్రం కంటికి కనిపించని అక్షరం. నాన్న పుస్తకంలో "రిజర్వాయర్‌లో" అని ఉంటుంది, కన్వర్టర్ "రిజర్వాయర్లో" అని ఇస్తోంది. ర పొల్లు పక్కన ల వస్తే యూనికోడ్‌లో అది ఒత్తైపోతుంది, ఆపాలంటే మధ్యలో వెడల్పు లేని ఒక గుర్తు పెట్టాలి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. పాత ఫైల్లో పొల్లు ముక్క విడిగా ఉంది కాబట్టి మనకి సమాచారం ఉంది, దాన్ని పారేస్తున్నాం అంతే. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా"తో ఒక పెద్ద కంపెనీ ఫోన్లు క్రాష్ అయ్యాయని వార్తలొచ్చాయి గుర్తుందా, అందులో కూడా ఈ గుర్తే ఉంది. అప్పుడు కంపెనీ అప్‌డేట్ ఇచ్చేదాకా మనం ఎదురుచూడటం తప్ప చేసేదేం లేదు. తప్పులు ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంటాయి, 131 ఉన్నాయని నేనే చెప్పాను కదా, కానీ ఆ తప్పు దగ్గరికి వెళ్ళి కూర్చోవచ్చు మనం, తలుపు తీసే ఉంటుంది.

2025 మార్చిలో 412కి 412 పాసయ్యాయి. 131 తప్పులూ సరిచేసిన కోడ్ నేను రాయలేదు, అందులో చాలా భాగం ఒక ఇంజినీరింగ్ మూడో సంవత్సరం పిల్ల రాసింది, నా టెస్టులు పక్కన పెట్టుకుని. ప్రాజెక్టులో పనిచేసినవాళ్ళ పేర్ల ఫైల్లో నా పేరు కూడా చేర్చారు, దాని కిందే నాన్న పేరు కూడా పెట్టమని అడిగితే పెట్టారు. మాటలన్నీ సరిచూసింది ఆయనే కదా.

పుస్తకం మొత్తం యూనికోడ్‌లోకి వచ్చాక పోతన ఫాంట్లో సెట్ చేసి పీడీఎఫ్ తీసి నాన్నకి పంపాను, దేశికాచార్యులు గారు చేసి జీపీఎల్ కింద అందరికీ ఇచ్చేసిన ఫాంట్ అది, డెబియన్‌లో కూడా దొరుకుతుంది. అప్పుడు ఇంకో పెద్ద చర్చ నడిచింది మా ఇంట్లో. పుస్తకాలు ఎవరైనా చదవడానికి, దిద్దడానికి ఉండే వికీసోర్స్‌లో పెడదాం, దానికి అందరూ పంచుకోవచ్చని చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఇస్తున్నానని నువ్వు మెయిల్ రాయాలి అంటే నాన్న "ఎవరైనా అచ్చేసి అమ్ముకుంటే?" అన్నారు. అమ్ముకోవచ్చు నాన్నా, నీ పేరు వెయ్యాలి, వాళ్ళు మార్చినది కూడా ఇదే లైసెన్స్‌తో ఇవ్వాలి, అంతే అన్నాను. స్టాల్‌మన్ కూడా 1985లో తను రాసిన ఈమ్యాక్స్ అనే ఎడిటర్ టేపులు 150 డాలర్లకి అమ్మారు, అమ్మడం తప్పు కాదు, కొన్నవాళ్ళ చేతులు కట్టేయడం తప్పు అని చెప్పాను. ఆయన వారం రోజులు ఏం మాట్లాడలేదు. తర్వాత ఫోన్ చేసి, "ఆ ముసలోళ్ళు నాకు చెప్పేటప్పుడు డబ్బులడగలేదు కదమ్మా, మెయిల్ ఎలా రాయాలో చెప్పు" అన్నారు.

ఇప్పుడు నేను ప్రతి ఆదివారం వెళ్ళలేకపోయినా నెలకి రెండుసార్లైనా వెళ్తున్నాను, జీతం వచ్చిన రోజు లిబ్రె ఆఫీస్‌ని నడిపే డాక్యుమెంట్ ఫౌండేషన్‌కి కొంచెం డబ్బు పంపుతున్నాను, లిబ్రె ఆఫీస్ తెలుగు అనువాదంలో రోజుకి ఒక పది స్ట్రింగులు, అంటే మెనూల్లో మెసేజ్‌ల్లో కనిపించే మాటలు, చూస్తున్నాను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది కదా, బాగా పనిచేసే ల్యాప్‌టాప్‌లు కూడా 11కి పనికిరావని పక్కన పడేస్తుంటే, మేం మారతహళ్ళిలో రెండు వారాంతాలు కూర్చుని వచ్చినవాటికి డెబియన్ వేసిచ్చాం. డెబియన్ 12 నుంచి వైఫైకి కావాల్సిన ఫర్మ్‌వేర్, అంటే ఆ చిప్‌లో నడిచే ప్రోగ్రామ్, ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది, ఆ ఫర్మ్‌వేర్ స్వేచ్ఛగా లేదని మాలో కొందరికి బాధే, నాకూ బాధే, కానీ వైఫై రాకపోతే ఆ మనిషి మళ్ళీ రాడు. కర్రీ పాయింట్ నడిపే నెల్లూరు బాబాయ్ ఒకాయన తన బిల్లింగ్ కంప్యూటర్ మోసుకొచ్చారు, ఆ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప నడవదు, ఆయన నాలుగేళ్ళ లెక్కలన్నీ దాంట్లోనే ఇరుక్కుని ఉన్నాయి, ఏం చెయ్యలేకపోయాం. లెక్కల్ని బయటికి ఎలా తియ్యాలో చూస్తాం బాబాయ్ అని చెప్పి పంపాం, ఇంకా చూస్తున్నాం.

మొన్న రాత్రి నాన్న ఫోన్ చేశారు. ఫోన్లోనే పుస్తకం చదువుకుంటున్నారట. "47వ పేజీలో మూడో తూము అని ఉంది చూడు, అది రెండో తూము. ఇది మీ కన్వర్టర్ తప్పు కాదు, అప్పుడు ప్రూఫులో నేనే చూసుకోలేదు. 20 ఏళ్ళ నుంచి ఆ తప్పు నా గుండెల్లో ఉంది. ఇప్పుడు దిద్దొచ్చా?" అన్నారు.

దిద్దొచ్చు నాన్నా, పైన 'సవరించు' అని ఉంటుంది, అది నొక్కు అన్నాను. ఆయన ఫోన్ పెట్టేయకుండానే వెతుక్కున్నారు, నేను అటువైపు ఆయన ఒక్కో అక్షరం మెల్లగా పైకి పలుకుతూ టైప్ చేస్తుంటే వింటూ కూర్చున్నాను.